గ్యాసు టాంకూ, సంతకం కాగితమూ

ఉగాది సంచికలో మామిడికాయల కబుర్లు చెప్పకుండా ఈ చలి గోలేమిటని మీరు విసుక్కోవచ్చు. కారణం ఉంది. పల్లెటూళ్ళలో ప్రొపేను గ్యాసుతో ఇల్లు వెచ్చబెట్టుకునేవాళ్ళు వచ్చే చలికాలపు గ్యాసుకు బేరమాడుకోవలసింది చలికాలంలో కాదు, వేసవిలో. రెండో కారణం, గత డిసెంబరు చివరి వారంలో నాకు వచ్చిన ఒక ఫోను. ఆ ఫోను చేసిన అబ్బాయిని అడిగే ఇది రాస్తున్నాను. అతని ఊరి పేరూ, కంపెనీ పేరూ మాత్రం చెప్పను.

దీపావళి సంబరాల్లో పులిహోర లైనులో పరిచయమైన కుర్రాడు. విస్కాన్సిన్ ఉత్తరాన ఒక చిన్న ఊళ్ళో కాగితం మిల్లుకి సాఫ్టువేరు పని మీద వెళ్ళాడు. భార్య, రెండేళ్ళ పాప. ఊళ్ళో అపార్టుమెంటు దొరక్క, ఊరి బయట ఒక పాత ఫార్మ్‌హౌసు అద్దెకు తీసుకున్నాడు. చుట్టూ మొక్కజొన్న చేలు, పక్కింటికి వెళ్ళాలంటే కారెక్కాలి. రాత్రి పదిన్నరకు ఫోను చేసి, "అన్నయ్యా, మీరూ ఒకప్పుడు ఇలాంటి ఊళ్ళోనే ఉన్నామన్నారు కదా. ఇల్లు వేడెక్కడం లేదు, గ్యాసు బిల్లు చూస్తే కళ్ళు తిరుగుతున్నాయి. ఏమైనా చిట్కాలుంటే చెప్పండి" అన్నాడు.

థర్మోస్టాటు ఎంతలో పెట్టావయ్యా అంటే 58 అన్నాడు. చంటిపిల్ల ఉన్న ఇంట్లో 58 ఏమిటన్నాను. "సాయంత్రాలు వంటింట్లో ఓవెను వెలిగించి తలుపు తీసి పెడుతున్నాం అన్నయ్యా. అందరం అక్కడే పడుకుంటున్నాం, వెచ్చగానే ఉంటోంది" అన్నాడు.

నేను కూర్చున్నవాణ్ణి లేచి నిలబడ్డాను. "ఫోను పక్కన పెట్టి, ముందు అది ఆర్పేసి, కిటికీ కాస్సేపు తీసి, అప్పుడు రా" అన్నాను. గ్యాసు ఓవెను వంటకే గాని ఇంటికి కాదు. గంటల తరబడి వెలుగుతూ ఉంటే కార్బన్ మోనాక్సైడు పేరుకుంటుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. తలనొప్పి, వాంతి వచ్చినట్టుండటం, నిద్రమత్తు. ఫ్లూ అనుకుని పడుకుంటారు, కొందరు లేవరు. మన చిన్నప్పుడు ఆదిలాబాదు చలికి అమ్మమ్మ కుంపటి పక్కనే పడుకోబెట్టేది, ఏమీ కాలేదు కదా అంటారేమో. ఆ పెంకుటింట్లో గాలి ఆడని సందంటూ లేదు. ఇక్కడి ఇళ్ళు చలికి బిగించి కట్టినవి. బార్బెక్యూ బొగ్గుల కుంపటి ఇంట్లోకీ, గరాజులోకీ తేకూడదు. జెనరేటరైతే ఇంటికి కనీసం 20 అడుగుల దూరాన ఉండాలి. కార్బన్ మోనాక్సైడు అలారాలు ప్రతి అంతస్తులోనూ, పడకగదుల బయటా ఉండాలి. వాళ్ళింట్లో ఒకటి ఉంది, బ్యాటరీ లేకుండా. చప్పుడు చేస్తోందని అంతకుముందు అద్దెకున్నవాళ్ళెవరో పీకేశారట.

తరువాత నలభై నిమిషాలు గ్యాసు గురించే మాట్లాడుకున్నాం. అందులో పదిమందికీ పనికొచ్చేది ఇక్కడ రాస్తాను.

టౌనులో పైపుల్లో గ్యాసు వస్తుంది గనక దాని సంగతి మనకు పట్టదు. పల్లెల్లో ఆ పైపు ఉండదు. ఇంటి పక్కన తెల్లటి పెద్ద టాంకు ఉంటుంది, లారీ వచ్చి ప్రొపేను నింపి పోతుంది. ఈశాన్య రాష్ట్రాల పల్లెల్లోనైతే చాలాచోట్ల బేస్‌మెంటులో హీటింగ్ ఆయిలు. 500 గాలన్ల టాంకులో 500 గాలన్లు పట్టవు. ఎండకు వ్యాకోచించడానికి చోటు వదిలి 80 శాతమే, అంటే 400 గాలన్లే నింపుతారు. మూత ఎత్తితే మీటరు కనపడుతుంది. అది 30 శాతానికి రాగానే ఫోను చెయ్యాలి. 10 దాకా ఆగితే ఎమర్జెన్సీ డెలివరీ చార్జీ పడుతుంది. పూర్తిగా అయిపోతే, లీకు టెస్టు చేసి పైలట్లన్నీ మళ్ళీ వెలిగించేదాకా వదలరు, ఆ డబ్బూ మనదే.

ఇది పుస్తకంలో చదివి చెప్పడం లేదు. 2003లో నా చదువు పూర్తయ్యాక మొదటి ప్రాజెక్టు అయోవాలో ఒక పల్లెటూరు. 2004 జనవరిలో ఒక శుక్రవారం రాత్రి టాంకు ఖాళీ అయింది. మీటరు అనేది ఒకటుందనే నాకు తెలియదు. ఇండియాలో సిలిండరు అయిపోతే రెండోది బిగించేవాళ్ళం కదా, అంతవరకే నా జ్ఞానం. తెల్లారేసరికి సింకు కింద పైపు పగిలింది. పక్క పొలం పెద్దాయన, ఆవుల పాలు పితికే మనిషి, ట్రక్కులో వచ్చి ముందు నీళ్ళ మెయిన్ వాల్వు కట్టేశాడు, తరువాత నన్ను వాళ్ళింటికి తీసుకుపోయాడు. మెయిన్ వాల్వు ఎక్కడుందో ఇంట్లో దిగిన మొదటి రోజే చూసుకోవాలని ఆయనే చెప్పాడు. గడ్డకట్టే రాత్రుల్లో బయటి గోడకున్న సింకుల కింద అలమర తలుపులు తెరిచిపెట్టడం, కొళాయిని సన్నని ధారగా వదలడం కూడా ఆయన దగ్గరే నేర్చుకున్నాను. ఊరికి వెళ్ళినా థర్మోస్టాటు 55కు తగ్గించకండి.

అద్దెకు దిగేవాళ్ళు రెండు విషయాలు అడగాలి. టాంకు ఎవరిది? గ్యాసు కంపెనీదైతే దాంట్లో ఇంకో కంపెనీవాళ్ళు నింపరు, ధర ఎంతన్నా వాళ్ళ దగ్గరే కొనాలి. రెండోది, దిగేరోజు టాంకులో ఎంత శాతం ఉంది? ఫోటో తీసి ఇంటాయనకు ఈమెయిలు పెట్టండి, ఖాళీ చేసే రోజు ఆ లెక్కే పనికొస్తుంది. విస్కాన్సిన్‌లో ఇంకో మంచి రూలుంది. మనుషులుండే గదులన్నిటినీ 67 డిగ్రీల వెచ్చదనంలో ఉంచలేని ఇల్లైతే, ఆ సంగతి ఇంటాయన ముందే చెప్పి తీరాలి. మా కుర్రాడి ఇంటాయన చెప్పలేదు. ఫర్నెసు ఫిల్టరు మూడేళ్ళుగా మార్చలేదని తరువాత తెలిసింది. ఇరవై డాలర్ల లోపు సామాను అది.

ధరల సంగతి. 2014 జనవరిలో మిడ్‌వెస్ట్‌లో ఉన్నవాళ్ళకు గుర్తుండే ఉంటుంది. అంతకుముందు శరత్కాలంలో మొక్కజొన్న తడిగా కోతకొచ్చింది, దాన్ని ఆరబెట్టడానికి రైతులు ప్రొపేను విపరీతంగా వాడారు. దానికితోడు గొప్ప చలి. కెనడా నుంచి ప్రొపేను తెచ్చే కోచిన్ పైపులైను మరమ్మతులకని కొన్నాళ్ళు ఆగింది. గాలను ధర 4 డాలర్లు దాటింది, కొన్నిచోట్ల డబ్బిచ్చినా నింపలేదు. విస్కాన్సిన్‌తో సహా చాలా రాష్ట్రాలు ఎమర్జెన్సీ ప్రకటించాయి. వేసవిలో ధర ఖరారు చేసుకున్నవాళ్ళలో చాలామంది పాత ధరకే పొందారు. అందుకే ఉగాదికి ఈ మాట. జూన్, జూలైలలో రెండు మూడు కంపెనీలకు ఫోను చేసి ప్రీ-బై ధర, క్యాపు ధర అడగండి. మొదటిది ముందే డబ్బు కట్టడం, రెండోది ధర ఇంతకు మించదని మాట తీసుకోవడం. ఒక్కసారిగా కట్టలేనివాళ్ళకు పన్నెండు నెలలకు సమానంగా పంచే పద్ధతీ ఉంటుంది.

ఏది చవకో లెక్క వేసుకోవచ్చు. ప్రొపేను గాలనుకు సుమారు 91,500 బీటీయూల వేడి, కరెంటు ఒక యూనిట్టుకు 3,412. ఉదాహరణకు గాలను 2 డాలర్లు, కరెంటు యూనిట్టు 16 సెంట్లు అనుకోండి. పది లక్షల బీటీయూల వేడికి, 90 శాతం పనితీరున్న ఫర్నెసులో ప్రొపేను ఖర్చు 24 డాలర్లు. అదే వేడి గదిలో పెట్టుకునే కరెంటు హీటరుతో 47 డాలర్లు. యూనిట్టుకు రెండున్నర రెట్లు వేడినిచ్చే హీట్ పంపుతో 19 డాలర్లు. కాబట్టి ఇల్లంతా కరెంటు హీటర్లతో నింపితే గ్యాసు బిల్లు తగ్గి కరెంటు బిల్లు అంతకు రెట్టింపు పెరుగుతుంది. రాత్రి ఒక్క పడకగదిలో ఒక్క హీటరు పెట్టి మిగతా ఇంటిని కాస్త తగ్గించుకుంటే లాభమే. దాన్ని గోడ ప్లగ్గులోనే పెట్టండి, ఎక్స్‌టెన్షన్ తీగకు కాదు. పరుపులు, పరదాలు మూడడుగుల దూరంలో ఉండాలి.

హీట్ పంపులు చలి దేశంలో పనిచెయ్యవనేది పాత మాట. కొత్త రకాలు ఫారెన్‌హీట్ సున్నాకు కిందకూడా వేడినిస్తున్నాయి, కాకపోతే ఆ చలిలో బలం తగ్గుతుంది గనక పాత ఫర్నెసును తోడుగా ఉంచుకోవడం మంచిది. సొంత ఇల్లున్నవాళ్ళు గమనించండి, దానికి కేంద్రం ఇచ్చిన 30 శాతం పన్ను రాయితీ (2,000 డాలర్ల దాకా) 2025 డిసెంబరు 31తో ముగిసింది. ఇంకా ఉందని చెప్పి అమ్మజూపే సేల్సు మనుషులుంటారు, జాగ్రత్త.

కట్టెల పొయ్యి ఉన్నవాళ్ళకు ఒక్క మాట. కట్టెలు "కార్డ్" లెక్కన అమ్ముతారు. ఒక కార్డ్ అంటే 4 అడుగులు, 4 అడుగులు, 8 అడుగులు, 128 ఘనపుటడుగులు. "ఫేస్ కార్డ్" అంటే మామూలుగా అందులో మూడో వంతే. ఆ తేడా తెలియక నేను ఒకసారి మూడు రెట్లు ధర కట్టి, పైగా ఆయనకు కాఫీ ఇచ్చి పంపాను. కనీసం ఆరు నెలలు ఎండిన కట్టె కొనండి. పచ్చికట్టె మండితే చిమ్నీలో తారు లాంటి మసి పట్టి, ఒకరోజు చిమ్నీయే అంటుకుంటుంది.

ఖర్చు లేని పనులు కొన్ని ఉన్నాయి. కిటికీలకు ప్లాస్టిక్ ఫిల్ము అతికించి హెయిర్ డ్రయ్యరుతో బిగించడం. తలుపుల కింద సందుకి పాత చీర చుట్టచుట్టి పెట్టడం, మా ఆవిడ కనిపెట్టినది. దుకాణాల్లో దీన్నే డ్రాఫ్ట్ స్టాపరని అమ్ముతారు. అమ్మలు పంపిన బొంతలుంటే బయటికి తీయండి, వాటిని మించిన దుప్పటి ఈ దేశంలో నేను చూడలేదు. రాత్రి ఎనిమిది గంటలపాటు థర్మోస్టాటు 7 నుంచి 10 డిగ్రీలు తగ్గిస్తే ఏడాది ఖర్చులో 10 శాతం దాకా మిగలవచ్చని ప్రభుత్వ ఇంధన శాఖ చెబుతుంది. చంటిపిల్లలున్న ఇంట్లో మాత్రం ఈ లెక్కలు పెట్టుకోకండి.

పిల్లలూ, ఈ పేరా మీది. మీ ఇంట్లో ప్రొపేను టాంకు ఉంటే, మీటరు చూసే ఉద్యోగం మీరు తీసుకోండి. 500 గాలన్ల టాంకులో 40 శాతం ఉందంటే 200 గాలన్లు. రోజుకు 6 గాలన్లు వాడితే, 100 గాలన్లకు రావడానికి ఎన్ని రోజులు? ఆ తేదీ క్యాలెండరు మీద రాసి నాన్నకు చూపించండి. ఇంకొకటి. ప్రొపేనుకు సొంత వాసన లేదు, లీకైతే తెలియాలని కుళ్ళిన కోడిగుడ్డు వాసన వచ్చే మందు కలుపుతారు. ఇంట్లో ఆ వాసన వస్తే లైటు స్విచ్చి ముట్టుకోకండి, వేసిందైనా ఆర్పిందైనా. అందరినీ పిలుచుకుని బయటికి వెళ్ళిపోయి, అక్కడినుంచి 911కు ఫోను చెయ్యండి.

సరే, నలభై నిమిషాలయ్యాక అడిగాను. "టాంకులో ఎంతుంది?" "పద్దెనిమిది." "మరి రేపు పొద్దున్నే ఫోను చేసి నింపించు." అవతల చప్పుడు లేదు. కాసేపటికి, "జీతం రాలేదన్నయ్యా" అన్నాడు.

ప్రాజెక్టు డిసెంబరు 19న ఆగిపోయింది. మిల్లువాళ్ళు బడ్జెట్ లేదన్నారు. వీసా చేసిన కంపెనీ ఇంకొకటి, కన్సల్టింగ్ కంపెనీ. ఆ యజమాని మనవాడే. "తమ్ముడూ, కొత్త ప్రాజెక్టు దొరికేదాకా ఓపిక పట్టు. హెచ్.ఆర్. నుంచి ఒక కాగితం వస్తుంది, సంతకం పెట్టి పంపు, ఉత్త ఫార్మాలిటీ" అన్నాడట. ఆ కాగితంలో ఏముందో చదవమన్నాను. "నా వ్యక్తిగత కారణాల వల్ల, నా కోరిక మీద, జీతం లేని సెలవు మంజూరు చేయవలసిందిగా కోరుతున్నాను." పక్క గదిలో పాప దగ్గుతోంది. సంతకం పెట్టకపోతే వీసా క్యాన్సిలు చేస్తారేమోనని వారం రోజులుగా భార్యాభర్తలిద్దరికీ నిద్ర లేదు. జీతం లేదని గ్యాసు తగ్గించారు. గ్యాసు తగ్గించి ఓవెను వెలిగించారు.

ఆ కాగితం నాకు బాగా తెలుసు. 2004 నవంబరులో నేను దానిమీద సంతకం పెట్టాను.

కంపెనీ వేరు, యజమాని వేరు, వాక్యం మాత్రం ఇంచుమించు అదే. అప్పుడు నేను న్యూజెర్సీలో గెస్ట్‌హౌసులో, ఏడుగురితో, పరుపు మీద. మూడు నెలలు జీతం లేదు. ఫిబ్రవరిలో ఇంకో కంపెనీలో ఉద్యోగం వచ్చింది, వాళ్ళు నా హెచ్-1బి బదిలీకి పెట్టారు. మూడు నెలల పే స్టబ్బులేవని ఇమ్మిగ్రేషన్ వాళ్ళు అడిగారు. నా దగ్గర ఉన్నది నా సంతకమున్న సెలవు కాగితం. పిటిషను ఒప్పుకున్నారు గాని, దేశంలో ఉండగానే మారనివ్వలేదు. బయటికి వెళ్ళి వీసా వేయించుకుని రమ్మన్నారు. అప్పటికి హైదరాబాదులో అమెరికా కాన్సులేటు లేదు, అది వచ్చింది 2008లో. మద్రాసు వెళ్ళాను. ఇంకా కాగితాలు కావాలన్నారు. అక్కడ నేను ఐదు వారాలు కూర్చున్నప్పుడే ఇక్కడ మా పెద్దవాడు పుట్టాడు. ఆసుపత్రిలో మా ఆవిడ పక్కన ఉన్నది గెస్ట్‌హౌసులో మాకు వంట చేసిపెట్టిన గుంటూరు పెద్దమ్మగారు. వాడికిప్పుడు ఇరవై. వాడి మొదటి ఫోటోల్లో నేను లేను. ఇప్పటికీ మా ఇంట్లో ఆ ఆల్బం తీసినప్పుడు నేను కాఫీ పెట్టే పని మీద లోపలికి వెళ్తాను.

అందుకని ఆ రాత్రి అతనికి గట్టిగానే చెప్పాను. నేను లాయర్ని కాను, జావా రాసుకునేవాణ్ణి. కానీ ఇరవై ఏళ్ళుగా ఈ ఒక్క కాగితం గురించి చదువుతూనే ఉన్నాను.

హెచ్-1బి మీద ఉన్నవాణ్ణి పని లేదని జీతం లేకుండా బెంచి మీద కూర్చోబెట్టకూడదని 1998లోనే చట్టం చేశారు. పని చూపించలేకపోవడం కంపెనీ సమస్య, ఎల్.సి.ఏ.లో రాసిన జీతం ఇచ్చి తీరాలి. దీనికి మినహాయింపు ఉంది. ఉద్యోగి తనంతట తాను, సొంత అవసరానికి సెలవు అడిగితే ఇవ్వనక్కరలేదు. ఆ కాగితం ఎందుకో ఇప్పుడు అర్థమైంది కదా? ఫార్మాలిటీ కాదది. కంపెనీ బాకీని మన కోరికగా మార్చే యంత్రం. నిజంగా మీ నాన్నగారికి ఒంట్లో బాగాలేక మీరే సెలవు అడిగితే అది వేరు సంగతి, అప్పుడు సంతకం ధర్మమే.

కంపెనీకి ఇష్టం లేకపోతే ఉద్యోగంలోంచి తీసెయ్యవచ్చు, అది వాళ్ళ హక్కు. కానీ దానికీ పద్ధతుంది. ఉద్యోగికి చెప్పాలి, ఇమ్మిగ్రేషన్ వాళ్ళకు తెలియజేయాలి, స్వదేశానికి వెళ్ళే టికెట్టు ఖర్చు ఇస్తామనాలి. అంతదాకా జీతం బాకీ పెరుగుతూనే ఉంటుంది. తీసేశాక 2017 జనవరి నుంచి 60 రోజుల దాకా గడువుంది (ఐ-94 అంతకంటే ముందే ముగిస్తే అంతవరకే). ఆలోపు కొత్త కంపెనీ పిటిషను వేస్తే, 2000 నాటి చట్టం వల్ల అది అందిన వెంటనే అక్కడ పనిలో చేరవచ్చు. నా కాలంలో ఈ 60 రోజులు లేవు. 2025 సెప్టెంబరులో లక్ష డాలర్ల రుసుము ప్రకటన వచ్చాక మనవాళ్ళు కంపెనీ మారాలంటేనే వణికిపోతున్నారు. ఆ అక్టోబరులో ప్రభుత్వం ఇచ్చిన వివరణలో, ఇక్కడే స్టేటస్‌లో ఉండి మారేవారికి అది పడదని ఉంది. ఇలాంటివి మారుతుంటాయి గనక ఆ రోజుకి లాయరును అడగడం క్షేమం. కంపెనీ లాయరును కాదు సుమండీ, ఆయన కంపెనీ మనిషి. సొంతంగా ఒక గంటకు డబ్బు కట్టి మీ లాయరును అడగండి.

అతనితో చేయించింది ఇంతే. సంతకం పెట్టలేదు. ఆ రాత్రే హెచ్.ఆర్.కు మర్యాదగా ఒక ఈమెయిలు, నాలుగు వాక్యాలు: నేను సెలవు అడగలేదు. పనికి సిద్ధంగా ఉన్నాను. ఏ పని ఇస్తారో తెలియజేయండి. డిసెంబరు జీతం ఎప్పుడు వస్తుందో చెప్పండి. సొంత ఈమెయిలుకు కాపీ. ఆఫరు లెటరు, పే స్టబ్బులు, ఎల్.సి.ఏ. నకలు అన్నీ కంపెనీ లాప్‌టాపులో కాకుండా ఇంట్లో పెట్టుకున్నాడు. ఎల్.సి.ఏ. నకలు పనిలో చేరే రోజుకల్లా ఉద్యోగికి ఇవ్వాలి, చాలామందికి అది వచ్చిందో లేదో కూడా తెలియదు. యజమాని జవాబు రాయలేదు, ఫోను చేశాడు. ఇలాంటివాళ్ళు రాయరు, ఫోనే చేస్తారు. "మనం మనం ఒకటి కదా తమ్ముడూ, ఈ ఈమెయిళ్ళేమిటి" అన్నాడట. ఫోను పెట్టెయ్యగానే "మీరు ఇప్పుడు ఫోనులో చెప్పింది ఇది" అని ఇంకో ఈమెయిలు పంపమన్నాను.

ఆ "మనం మనం" దగ్గర కాస్త ఆగాలి. మన సంఘం సభల్లో శాలువాలు కప్పించుకునేవాళ్ళలో మంచి యజమానులు చాలామంది ఉన్నారు, 2008లో, 2020లో సొంత డబ్బు పెట్టి కుర్రాళ్ళకు జీతాలిచ్చినవాళ్ళు నాకు తెలుసు. కానీ ఈ కాగితం పంపేవాళ్ళూ ఆ సభల్లోనే ఉన్నారు. బహుశా ఈ పత్రికలో ప్రకటన కూడా ఇచ్చి ఉంటారు. సంపాదకులు ఈ వాక్యం ఉంచుతారో లేదో చూద్దాం.

యజమాని అడిగే ప్రతిదీ అన్యాయమని కూడా నేననను. శనివారం రాత్రి సర్వరు పడిపోతే లెమ్మనడం, వారం ముందు చెప్పి ఇంకో ఊరు వెళ్ళమనడం, టైంషీటు కోసం వెంటపడటం చిరాకే గాని అన్యాయం కాదు. అన్యాయమైనవి వేరు. లేని ఐదేళ్ళ అనుభవం రెజ్యూమేలో రాయమనడం. నీ బదులు ఇంకొకడు ఇంటర్వ్యూ చెబుతాడనడం. పట్టుబడితే పోయేది నీ వీసా, వాడి వ్యాపారం కాదు. హెచ్-1బి ఫీజులు జీతంలో కోసుకోవడం. గ్రీన్‌కార్డు లేబరు సర్టిఫికేషను ఖర్చు నువ్వే పెట్టుకో అనడం, అది 2007 జూలై 16 నుంచి నిషేధం. ముందే మానేస్తే పదివేలు కట్టాలని బెదిరించడం. ఇందులో జరిమానా చెల్లదు, నిజమైన నష్టపరిహారం కొన్ని రాష్ట్రాల్లో చెల్లవచ్చు, కాబట్టి ఆ కాగితం లాయరుకు చూపించాలి.

ఫిర్యాదు చేస్తే ఏమవుతుందని అడిగేవాళ్ళకు మేరీలాండ్‌లోని ప్రిన్స్ జార్జెస్ కౌంటీ బడుల సంగతి చెబుతాను. విదేశాల నుంచి వచ్చిన టీచర్ల చేత, ఎక్కువమంది ఫిలిప్పీన్స్ వాళ్ళు, వీసా ఫీజులు కట్టించారు. కార్మిక శాఖ దర్యాప్తు చేసింది. 2011లో వెయ్యి మందికి పైగా టీచర్లకు 42 లక్షల డాలర్ల దాకా తిరిగి ఇప్పించారు. చెడు కూడా చెప్పాలి. ఆ కౌంటీని రెండేళ్ళు కొత్త వీసాలు చెయ్యకుండా ఆపారు, దాంతో వీసా పొడిగింపు కావలసిన టీచర్లు కొందరు ఉద్యోగాలు పోగొట్టుకున్నారు. న్యాయం జరిగినా ఖర్చు లేకుండా జరగలేదు. అందుకే నేను ముందు ఈమెయిలు, తరువాత లాయరు, ఆ తరువాతే ఫిర్యాదు అంటాను. ఫిర్యాదుకు కార్మిక శాఖ వేజ్ అండ్ అవర్ డివిజనులో డబ్ల్యు.హెచ్-4 అనే ఫారం ఉంది, తప్పు జరిగిన 12 నెలల్లోపు ఇవ్వాలి, ఫోను 1-866-487-9243. ఫిర్యాదు చేశాడని కక్ష సాధించడం కూడా చట్టవిరుద్ధమే.

ఇక మనవాడి సంగతి. మర్నాడు మా ఆవిడ వాళ్ళావిడతో మాట్లాడింది. గ్యాసుకు డబ్బు సర్దాం, అప్పుగానే, అతను ఊరికే ఇస్తే తీసుకోనన్నాడు. విస్కాన్సిన్‌లో నవంబరు 1 నుంచి ఏప్రిల్ 15 దాకా బిల్లు కట్టలేదని ఇంటి వేడికి కావలసిన కరెంటు, పైపు గ్యాసు కొయ్యకూడదు గాని, ప్రొపేను టాంకుకు ఆ రక్షణ లేదు, అయిపోతే అయిపోయినట్టే. జనవరి 9న డిసెంబరు జీతం పూర్తిగా పడింది. పదహారున ఉద్యోగంలోంచి తీసేస్తూ ఉత్తరం వచ్చింది, టికెట్టు ఖర్చుతో సహా పద్ధతిగానే. ఆ పదహారు రోజుల జీతమూ ఇచ్చారు. నాకు ఆ రోజు రాత్రి నిద్రపట్టలేదు. సంతకం పెట్టి ఉంటే ఉద్యోగం మిగిలేదేమోనని అతనూ అన్నాడు. నేను కాదనలేదు. పే స్టబ్బుల్లో ఖాళీ మాత్రం లేదు.

అరవైలో ముప్పైఎనిమిదో రోజున మిల్వాకీలో ఒక కంపెనీ పిటిషను వేసింది. అది అందినట్టు రసీదు వచ్చింది, అతను పనిలో చేరాడు, తుది జవాబు ఇంకా రావాలి. ఈ నెలాఖరుకు ఇల్లు మారుతున్నారు. దిగిన రోజు 70 శాతం ఉన్న టాంకులో ఇప్పుడు 44 ఉంది, ఇంటాయనతో ఆ లెక్క తేలాలి. అతను దిగిన రోజు ఫోటో తీయలేదు. గ్యాసు కంపెనీ డెలివరీ రసీదులు అడిగి తెప్పించుకోమన్నాను.

వచ్చే సంచికలో ఇండియాలో ఉన్న ఫిక్స్‌డ్ డిపాజిట్లకు ఇక్కడ పన్ను లెక్క చెప్పుకుందాం. ఈలోగా మీ టాంకు మూత ఎత్తి ఒకసారి చూడండి.